ఆఖరి చుట్టు గంట

ఫ్రిజ్ మోటారు ఆగినప్పుడల్లా దాని నెత్తిన ఉన్న ఇత్తడి గంట సన్నగా మోగేది. అది మోగినప్పుడల్లా వంటింట్లో ఉన్న నలుగురూ గిన్నెల్లోకి తలలు వంచుకునేవారు.

శుక్రవారం సాయంత్రం. కేల్ ఆకు సూపు చల్లారిపోతోంది. జిల్బెర్టో ఫుర్టాడో అందులోంచి సాసేజ్ ముక్కలు ఏరి పక్కన పెడుతున్నాడు. ఆ మనిషి సాసేజ్ వదిలేశాడంటే ఒంట్లోనన్నా బాగాలేదు, మనసులోనన్నా బాగాలేదు. ఎదురుగా కూతురు ఇనెస్ రొట్టె తుంచుతోంది గాని నోట్లో పెట్టుకోవడం లేదు. తెల్లవారితే బోస్టన్‌లో పరుగు పోటీలు. స్కూల్ పిల్లగా హాల్లో, పైకప్పు కింద, అదే ఆమె ఆఖరి పరుగు.

"అమ్మా, ఉప్పు," అంది ఇనెస్.

ఉప్పు డబ్బా ఉన్నది తండ్రి మోచేతి పక్కన. ఒడీలియా చెంచా కింద పెట్టింది. వారం నుంచి ఈ ఇంట్లో తండ్రి మాట కూతురికీ, కూతురి మాట తండ్రికీ మోసి మోసి ఆవిడకి విసుగెత్తిపోయింది.

"ఉప్పు మీ నాన్న దగ్గరుంది. ఆయనకి చెవులున్నాయి. నీకు నోరుంది. మధ్యలో నేనెందుకు?"

ఎవరూ కదల్లేదు. చివరికి నాయనమ్మ ఎతెల్వినా లేచి, బల్ల చుట్టూ కుంటుకుంటూ తిరిగి వచ్చి, ఉప్పు అందుకుని మనవరాలి ముందు పెట్టింది. పెట్టి మళ్ళీ కుంటుకుంటూ వెళ్ళి కూర్చుంది. తప్పెవరిదో ఆవిడకి అక్కర్లేదు. సూపులో ఉప్పు తక్కువైందంటే మాత్రం ఆవిడకి గుచ్చుకుంటుంది.

పోయిన శనివారం ఏం జరిగిందో మా ఊరు ఫాల్ రివర్ అంతటికీ తెలుసు. వెయ్యి మీటర్లంటే హాల్లో ఐదు చుట్లు. గీత దగ్గర ఒక మనిషి నిలబడి, ఇంకా ఎన్ని చుట్లున్నాయో అంకెల అట్టలు తిప్పుతూ ఉంటాడు. ఆఖరి చుట్టు మొదలవగానే గంట కొడతాడు. పిల్లలు ఒంట్లో దాచుకున్న బలమంతా ఆ గంట విన్నాకే బయటికి తీస్తారు. మన జిల్బెర్టో ఏళ్ళ తరబడి జీతం బత్తెం లేకుండా చేస్తున్న పని అదే. సిటీ బస్సు నడపడం అతనికి ఉద్యోగమైతే, గంట కొట్టడం హోదా.

ఆ రోజు ఇనెస్ రాష్ట్ర స్కూళ్ళ రికార్డు మీదికి పోతోంది. ఆమె పుట్టకముందు నుంచీ ఎవరూ కదపలేని రికార్డు అది. మూడు చుట్లయ్యాయి, ఇంకా రెండున్నాయి. జిల్బెర్టో అట్ట చూడాల్సిన కళ్ళతో గడియారం చూశాడు. రికార్డు వచ్చేస్తోందని గుండె ఎగిరింది, గుండెతో పాటు చెయ్యీ లేచింది, గంట మోగింది. పిల్ల ప్రాణం పెట్టి ఆ ఒక్క చుట్టు పరిగెత్తి, గీత దాటి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. పక్కనుంచి మిగతావాళ్ళు ఒక్కొక్కరే దాటిపోతుంటే, అయిపోలేదు పరిగెత్తమని కోచ్ కియో అడ్డుకమ్మీల మీదనుంచి అరిచాడు. కర్రల్లాంటి కాళ్ళతో మళ్ళీ కదిలి నాలుగోదిగా వచ్చింది.

అదైనా పోనీ అనుకోవచ్చు, మనిషన్నాక పొరపాటు. ఇంటికొచ్చే దారిలో కారులో అన్న మాటే కొంప ముంచింది. సిగ్గుతో ఏం మాట్లాడాలో తెలియక, "నువ్వన్నా లెక్కపెట్టుకోవద్దా?" అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా? ఇనెస్ ఆ రోజు మూసిన నోరు తండ్రి ముందు మళ్ళీ తెరవలేదు.

ఊరు ఊరుకుంటుందా? కొలంబియా వీధి రొట్టెల కొట్టులో జిల్బెర్టో అడుగు పెట్టకముందే కౌంటర్ మీది గంట కొట్టి, ఇంకో చుట్టు తిరిగి రమ్మన్నారు. అతని బస్సులో కుర్రకారు ఒక స్టాపు ముందే బస్సు ఆపమనే గంట తీగ లాగి, దిగకుండా కూర్చుని నవ్వారు. అతను కూడా మొదట్లో నవ్వాడు. మంగళవారం నుంచి నవ్వడం మానేశాడు.

ఇప్పుడు గిన్నె పక్కకి జరిపి, రేపు తాను రావడం లేదన్నాడు. పోటీల పెద్ద డోర్గన్ మేడంకి ఫోన్ చేసి చెప్పేశాననీ, తోమడానికి ఇంటికి తెచ్చిన ఆ గంటని ఒడీలియా తీసుకెళ్ళి ఇచ్చేయాలనీ అన్నాడు.

"నేనెందుకు ఇవ్వాలి?" అంది ఒడీలియా. "తెచ్చింది నువ్వు. తోమింది నువ్వు. ముందే కొట్టిందీ నువ్వే."

"నా మొహం అక్కడ చూపించలేను."

"నీ మొహం చూడ్డానికి ఎవరొస్తున్నారక్కడికి? దాని కాళ్ళు చూడ్డానికి వస్తున్నారు."

ఇనెస్ లేచి తన గిన్నె కడుక్కుని మేడెక్కిపోయింది. ఫ్రిజ్ మోటారు ఆగింది. గంట మోగింది. అంత పెద్ద మగవాడు ఆ చప్పుడికి ఉలిక్కిపడ్డాడు.

ఎతెల్వినా కొడుకు వంక చాలాసేపు చూసింది. తర్వాత ముందుగదిలోకి వెళ్ళి, గోడకున్న పవిత్రాత్మ పావురం పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, మోకాళ్ళు నొప్పెడుతున్నా వంగి ఏదో గొణుక్కుంది. తిరిగొచ్చి, మొక్కుకున్నానని చెప్పింది. పిల్లకి రికార్డు రావాలని మొక్కు.

ఏం మొక్కుకున్నారని కోడలు అడిగింది. పవిత్రాత్మ పండక్కి తీపి రొట్టెలు పంచుతానందో, ఊరేగింపులో చెప్పుల్లేకుండా నడుస్తానందో అని ఆవిడ భయం, ఎందుకంటే ఆ మోకాళ్ళకి నూనె రాయాల్సింది తనే.

"తీరాక చెబుతా," అంది ముసలావిడ. "ముందే చెబితే మొక్కు పలచబడుతుంది."

*

పొద్దున్నే జిల్బెర్టో వాకిట్లో కారు అద్దం మీది మంచు గీకుతున్నాడు. తాను రానన్నాడు గాని, ఆడవాళ్ళు చలిలో మంచు గీక్కుంటుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చునే రకం కాదు. ఇనెస్ సంచీ భుజాన వేసుకుని వచ్చింది. ఇంకో గీకుడు పలక తీసుకుని అద్దానికి రెండో పక్క నిలబడి మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకే అద్దం, చెరో వైపు. గరగరమంటూ గీకారు.

"నాన్నా."

అతని చెయ్యి ఆగింది.

"ఆ రోజు నేను లెక్కపెట్టుకున్నాను."

"ఏంటీ?"

"మూడయ్యాయి, ఇంకా రెండున్నాయని నాకు తెలుసు. నువ్వు గంట కొట్టేటప్పటికి నా లెక్క సరిగ్గానే ఉంది."

జిల్బెర్టోకి అర్థం కాలేదు. అర్థం కానందుకు కోపం కూడా వచ్చింది. "తెలిసి ఎందుకు పరిగెత్తావే అలా? తెలిసి ఎందుకాగావు?"

"గంట కొట్టింది నువ్వు కదా. నా లెక్కే తప్పనుకున్నాను."

అతను కారు మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆ మాట కారులో ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"నువ్వన్నా లెక్కపెట్టుకోవద్దా అన్నావుగా. ఇంకేం చెప్పను? నా లెక్క కన్నా నీ గంటే నమ్మానని చెప్పనా? నాకు ఒళ్ళు మండిపోయింది. నీకంత సంతోషం ఇవ్వాలనిపించలేదు."

జిల్బెర్టో ఏడ్చాడు. మొహం తిప్పుకునే ప్రయత్నం కూడా చేయలేదు. తప్పు తనదేననీ, గంట కన్నా ఆ మాటే పెద్ద తప్పనీ, ఆ మాట అన్న దగ్గర్నుంచీ తనకి నిద్ర లేదనీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఇనెస్ విన్నది. ఫరవాలేదని అనలేదు. ఫరవాలేకపోవడం ఏంటి, రికార్డు పోయింది. కానీ చుట్టూ తిరిగి వచ్చి తండ్రి పక్కన నిలబడి, అతని వైపు అద్దం గీకడం మొదలుపెట్టింది.

"ఇవాళ గంట నువ్వే కొట్టాలి," అంది.

"వద్దమ్మా. నా మీద జాలి పడకు."

"జాలి కాదు నాన్నా. ఇంకెవరన్నా కొడితే నేను ప్రతి చుట్టూ లెక్కపెట్టుకుంటూ పరిగెత్తాలి. తలకాయ లెక్కల్లో ఉంటే కాళ్ళు ఏం పరిగెడతాయి? లెక్క నువ్వు చూసుకో. కాళ్ళు నేను చూసుకుంటా."

"మళ్ళీ తప్పితే?"

"తప్పితే ఈసారి ఇంటికి నడిచి రా," అంది ఇనెస్.

బోస్టన్ నుంచి ఫాల్ రివర్‌కి నడిచి రావడమంటే ఏంటో జిల్బెర్టో బస్సు డ్రైవరు గనక అతనికి బాగా తెలుసు. మంగళవారం తర్వాత మొదటిసారి నవ్వాడు. లోపలికి వెళ్ళి ఫ్రిజ్ మీద గంట తీసి, నాలుక కదలకుండా వంటగుడ్డలో చుట్టి తెచ్చాడు. అది చూసిన ఒడీలియా ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ముందు సీటు అతనికి వదిలేసి వెనక్కి వెళ్ళి కూర్చుంది. అత్తగారు మాత్రం గంట చూసి నోరు తెరిచి, ఏదో అనబోయి, మళ్ళీ మూసుకుంది. జపమాల తిప్పుకుంటూ దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూసింది.

*

హాల్లో అడుగు పెట్టాక ఎతెల్వినా ముక్కు మీద వేలేసుకుంది. ఆవిడ ఈ పోటీలకి రావడం ఇదే మొదలు. ఇంట్లో పరిగెత్తద్దని పిల్లల్ని తిట్టి తిట్టి పెంచామనీ, ఇప్పుడు ఇంట్లో పరిగెత్తితే పతకాలిస్తున్నారనీ పక్క సీటులో ముక్కూమొహం తెలియని ఆవిడకి చెప్పుకుంది. ఆవిడకి పోర్చుగీసు రాదు. అయినా తలాడించింది.

కోచ్ కియో ఇనెస్‌ని పక్కకి పిలిచి అవకాశం ఎంతో దాపరికం లేకుండా చెప్పాడు. ఉంది, కానీ సన్నగా ఉంది. ఇక్కడ మలుపుల దగ్గర చెక్కబాట వాలుగా ఉంటుంది, కాళ్ళకి సాయం. వూస్టర్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి మొదటి రెండు చుట్లూ ఒంటికి నిప్పంటుకున్నట్టు పరిగెడుతుంది, దాని వెనకే అంటుకుని పోతే చాలు. అసలు గండం మూడో చుట్టులో ఉంది. ఆ పిల్ల వేగం అక్కడ పడిపోతుంది, దాన్ని చూసి మిగతావాళ్ళూ నెమ్మదిస్తారు. అందరికీ అక్కడ కాళ్ళు నిద్రపోతాయి. "నువ్వు మాత్రం అక్కడే మేలుకో," అన్నాడు. ఆమె సరేనంది.

గంట దగ్గర గొడవ ఇంకోలా ఉంది. డోర్గన్ మేడం రిటైరైన వ్యాయామం టీచరు, మెడలో ఈల తీసి నిద్రపోతుందో లేదో కూడా ఎవరికీ తెలియదు. వంటగుడ్డ మూటతో ఎదురుగా నిలబడ్డ జిల్బెర్టోని ఎగాదిగా చూసింది.

"మీరు రానన్నారు కదా."

"నేను రమ్మన్నాను మేడం," అంది ఇనెస్ వెనకనుంచి. "గంట మా నాన్నే కొట్టాలి."

పరిగెత్తే పిల్ల తండ్రి గంట కొట్టడం ఇన్నాళ్ళూ ఎవరికీ అభ్యంతరం కాలేదనీ, పోయిన వారం తర్వాత మాత్రం తాను అందర్నీ అడగాల్సిందేననీ ఆవిడ అంది. వెళ్ళి అడిగింది కూడా. వూస్టర్ కోచ్ నవ్వి, తమ పిల్ల గంట వినే రకం కాదు, ఎవరు కొట్టినా ఒకటేనన్నాడు. మిగతావాళ్ళు భుజాలెగరేశారు. డోర్గన్ తిరిగొచ్చి, జిల్బెర్టో పక్కన నిలబడింది.

"నేనిక్కడే ఉంటాను. మీ చెయ్యి ముందే లేస్తే పట్టుకుంటాను. సమ్మతమేనా?"

"పట్టుకోండి మేడం," అన్నాడు జిల్బెర్టో. అని, గడియారం కనపడకుండా దానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

తుపాకీ పేలింది. వూస్టర్ అమ్మాయి చెప్పినట్టే నిప్పంటుకున్నట్టు బయల్దేరింది. ఇనెస్ దాని నీడలో నీడలా పోయింది. మొదటి చుట్టయ్యేసరికి జిల్బెర్టో అట్ట తిప్పాడు, నాలుగు. రెండో చుట్టయ్యేసరికి మూడు. చెక్కబాట దడదడలాడుతోంది. ఒడీలియా రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. ముసలావిడ పూసలు తిప్పడం మరిచిపోయింది.

మూడో చుట్టులో వూస్టర్ పిల్ల వాడిపోయింది. మలుపులో ఇనెస్ పక్కనుంచి వచ్చి దాన్ని దాటేసింది. దాటి నెమ్మదించలేదు. ఎదురుగా ఇంకెవరూ లేరు, ఉత్త చెక్కబాట. మైకులో మాట్లాడే ఆయన గొంతు పెరిగింది. ఫాల్ రివర్ అమ్మాయి రికార్డు కన్నా ముందుందని అరిచాడు. జనం లేచి నిలబడ్డారు.

పోయిన శనివారం చెయ్యి లేచింది సరిగ్గా ఇక్కడే. ఇనెస్ గీత వైపు వస్తోంది. జిల్బెర్టో పిడికిట్లో గంట పిడి చెమటకి జారుతోంది. డోర్గన్ అరచెయ్యి గాలిలోకి లేచింది. హాలంతా కొట్టు కొట్టు అంటున్నట్టే ఉంది అతనికి. అతను అట్ట తిప్పాడు. రెండు. గంట కింద ఉన్నది కిందే ఉంది. ఇనెస్ అతని ముందునుంచి వెళ్ళిపోయింది. అట్ట వైపు చూడలేదు. తండ్రి వైపూ చూడలేదు. ఆమె కళ్ళు ముందున్న మలుపు మీదే ఉన్నాయి. ఆ చూడకపోవడం చూసి జిల్బెర్టోకి గుండె నిండిపోయింది.

నాలుగో చుట్టు అతని జీవితంలో అన్నిటికన్నా పొడుగు చుట్టు. పిల్ల వచ్చింది. అట్ట తిప్పాడు. ఒకటి. అప్పుడు కొట్టాడు. ఒక్కసారి కాదు, ఆమె మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా కొడుతూనే ఉన్నాడు. ఆ గంట వినగానే ఇనెస్ ఒక్క అడుగు కూడా అనుమానించలేదు. దాచుకున్నదంతా తీసింది. జుట్టు ముడి ఊడిపోయింది, మొహం వంకరలు పోయింది, చేతులు గాలిని కోస్తున్నాయి. మా ఫాల్ రివర్ నుంచి వచ్చినవాళ్ళం గొంతులు చించుకున్నాం. కియో అడ్డుకమ్మీల వెంబడి తానే పోటీలో ఉన్నట్టు పరిగెత్తాడు.

గీత దాటింది. హాలు కప్పు లేచిపోయేంత అరుపు.

జిల్బెర్టో తిరగలేదు. వెనకాల ఇంకా ఏడుగురు పిల్లలున్నారు, ప్రతి ఒక్కరి చుట్ల లెక్కా చూడాలి. ఆఖరి పిల్ల గీత దాటేదాకా అలాగే, గడియారానికి వీపు పెట్టి నిలబడ్డాడు. అప్పటికి ఇనెస్ వచ్చింది, ఒగర్చుతూ. తండ్రి రెండు భుజాలూ పట్టుకుని గడియారం వైపు తిప్పింది.

"చూడు నాన్నా."

పాత రికార్డు కన్నా సెకను పైచిలుకు తక్కువ. జిల్బెర్టో చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత కూతుర్ని పట్టుకుని చిన్నపిల్లని ఎత్తినట్టు నేల మీద నుంచి ఎత్తేశాడు. వాళ్ళ మధ్య ఇరుక్కున్న గంట తనంతట తనే మోగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఈసారి ఆ నవ్వులో వెక్కిరింపు లేదు. అతని చెయ్యి పట్టుకోవాల్సిన అవసరమే రాలేదనీ, చివరికి వణికింది తన చెయ్యేననీ డోర్గన్ మేడం ఒప్పుకుంది.

ఒడీలియా జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కూతుర్ని ముద్దు పెట్టుకుంది, మొగుణ్ణి తిట్టింది, మళ్ళీ ఇద్దర్నీ కలిపి పట్టుకుని ఏడ్చింది. రొట్టెల కొట్టు ఆవిడ కూడా వచ్చి, సోమవారం జిల్బెర్టోకి కాఫీ ఉచితమంది.

"ఏప్రిల్‌లో బయటి మైదానం పోటీలు మొదలవుతాయి నాన్నా," అంది ఇనెస్, ఊపిరి కాస్త కుదుటపడ్డాక. "అక్కడ కూడా నువ్వే. ఎక్కడ పరిగెత్తినా గంట నువ్వే కొట్టాలి."

"నువ్వు పరిగెత్తినన్నాళ్ళూ కొడతా," అన్నాడు జిల్బెర్టో. అంత ఆనందం అతని మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు చూసింది ఒడీలియా, అత్తగారి వంక. ముసలావిడ సంతోషంగా లేదు. జపమాల గుప్పిట్లో నలుపుతూ, కొడుకు చేతిలోని గంట వైపే చూస్తోంది.

"అత్తయ్యా, మీ మొక్కు తీరింది కదా. ఇప్పుడన్నా చెప్పండి, ఏం మొక్కుకున్నారు?"

ఎతెల్వినా జపమాల సంచీలో పెట్టుకుంది.

"తీపి రొట్టెలా? చెప్పుల్లేకుండా నడుస్తానన్నారా?"

"నేను చేసేదైతే ఎంత బాగుండేది," అంది ముసలావిడ. "వాడు ఆ చప్పుడికి ఉలిక్కిపడుతుంటే చూడలేకపోయానే. ఆ గంట వల్లే కదా నా బిడ్డకింత అవమానం అనుకున్నా. పిల్లకి రికార్డు వస్తే, నా కొడుకు ఇక జన్మలో గంట ముట్టుకోడని దేవుడికి మాటిచ్చా."

అనడానికేముంది? పోర్చుగీసు ద్వీపాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా వాళ్ళలో తల్లి మొక్కితే బిడ్డ తీర్చాల్సిందే. దానికి బేరాలు లేవు. అడిగింది దేవుడిచ్చేశాక అసలే లేవు. జిల్బెర్టో మొహంలో రక్తం లేదు. ఇనెస్ నాయనమ్మ వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, మళ్ళీ నాయనమ్మ వైపు చూసింది.

"నాయనమ్మా, నన్నడగకుండా..." అంది.

గీత దగ్గరనుంచి డోర్గన్ మేడం ఈల వేసింది. అబ్బాయిల వెయ్యి మీటర్లకి అందరూ వరసలో నిలబడిపోయారు.

"ఫుర్టాడో గారూ, రండి. గంట మీ దగ్గరే ఉంది."

ముసలావిడ కొడుకు చెయ్యి పట్టుకుంది. గంట ఇచ్చేయమనో, వెళ్ళి కొట్టమనో ఆవిడ కళ్ళలో తెలియలేదు. తుపాకీ పేలింది. కుర్రాళ్ళు కదిలారు. ఐదు చుట్లు.